గుండెలదిరితే చాలదు... మాట వినిపించాలి!

మీకో చిన్న పరీక్ష! ఇళయరాజా పాట ఏదైనా ఒకటి తల్చుకోండి. పల్లవి కాదు, చరణం కాదు. వాటి కింద, పాటని భుజాన వేసుకుని నడిపించే ఆ 'డుమ్ డుడుమ్ డుమ్' వుంటుంది చూశారూ... అది తల్చుకోండి. గుర్తొచ్చిందా? కాలు దానంతటదే వూగుతోందా? వూగుతుంది మరి! అదే బేస్ గిటార్. నాలుగు తీగల వాద్యం. పాటకి పునాది. పునాది కాబట్టే పైకి కనిపించదు, పోస్టరు మీద పేరుండదు!

ఇళయరాజా దగ్గర ఏళ్ళ తరబడి ఆ తీగలు మీటిన శశిధరన్, హిందీలో ఆర్.డి. బర్మన్ పాటలకి వాయించిన టోనీ వాజ్, రెహమాన్ పాటలకి వాయించిన కీత్ పీటర్స్... వీళ్ళ వేళ్ళు ఆడించినట్టల్లా ఆడిన అభిమానులు లక్షల్లో వుంటారు. మొహాలు మాత్రం చాలామందికి తెలీవు.

నేనూ ఆ జాతివాణ్ణే లెండి! అంత పెద్దవాళ్ళ పక్కన నిలబడి పేరు చెప్పుకునేంత కాదు. పెళ్ళిళ్ళలో, దసరా పందిళ్ళలో పాడే ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తుంటాను. కొత్తగా గిటార్ పట్టిన కుర్రాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే.

"అన్నా! బేస్‌కి మంచి స్పీకర్ పెట్టె ఏది?"

"మంచిదంటే ఎలా వుండాలి తమ్ముడూ?" అంటాను.

"గుండెలదిరిపోవాలన్నా!"

ఇదిగో, ఇక్కడే వస్తుంది చిక్కంతా. గుండెలదిరించే పెట్టెలు బజారు నిండా వున్నాయి. కానీ అందులోంచి ఏ స్వరం వస్తోందో తెలిసే పెట్టెలే తక్కువ. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే డబ్బు పోతుంది. ఒక్కోసారి స్టేజి మీద చోటు కూడా పోతుంది!

ట్రాన్సిస్టర్ చేసిన గారడీ

ముందు ఓ వింత చెబుతాను. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. దాన్నే 41 హెర్ట్జ్ అంటారు. మన నాన్నల కాలంలో అరచేతిలో పట్టే ట్రాన్సిస్టర్ రేడియోలుండేవి. వాటి స్పీకరు పూరీ అంత వుండేది. ఆ బుల్లి స్పీకరు 41 హెర్ట్జ్‌ని పలికించలేదు. పలికించాలని ఎంత తన్నుకున్నా దానివల్ల కాదు. ఇప్పటి సెల్‌ఫోను స్పీకరూ అంతే.

మరి ఆ రేడియోలో వినే కదా మన పెద్దవాళ్ళు బేస్ వరసలు కూనిరాగాలు తీసింది! ఎలాగంటారు?

తీగ కంపించినప్పుడు ఒక్క 41 మాత్రమే పుట్టదు. దాని మీద 82, 123, 164, 206... ఇలా మెట్లు మెట్లుగా పై స్వరాలు కూడా పుడతాయి. చిన్న స్పీకరు అడుగు మెట్టు పలకలేకపోయినా, పై మెట్లు పలుకుతుంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరం 41 కదా! మన మెదడు ఆ దూరం చూసి, 'ఓహో, అడుగున వున్నది 41' అని తనే లెక్క కట్టేసుకుంటుంది. లేని స్వరాన్ని వున్నట్టే వినిపిస్తుంది. ఏ మాయల మరాఠీ చెయ్యలేని గారడీ ఇది!

దీన్నిబట్టి తేలేదేమిటి? బేస్ గిటార్ బరువంతా అడుగున వున్నా, దాని మాట మాత్రం పైన వుంది. సుమారు 250 హెర్ట్జ్ నుంచి 2000 దాకా వుండే నడిమి శబ్దాల్లో వుంది. దాన్నే మా వాళ్ళు 'మిడ్' అంటారు. ఏ స్వరం మీటారో, ఎప్పుడు మీటారో, వేలు తీగకి ఎలా తగిలిందో చెవికి చెప్పేది ఈ మిడ్డే. తబలా వాయించేటప్పుడు డగ్గా ఒక్కటే విని ఆ నడక చెప్పగలరా? కుడిచేతి తబలా కూడా తోడైతేనే కదా తాళం నోరు విప్పేది! ఇదీ అంతే.

"నువ్వు వాయిస్తున్నావా అసలు?"

పక్క వూరి ఆర్కెస్ట్రాలో ఓ కుర్రాడున్నాడు. వేళ్ళు బంగారం. పాపం, ఆ బంగారం ఎవరికీ వినపడేది కాదు. అద్దెకు తెచ్చిన పెట్టెలోంచి 'బొయ్య్... బొయ్య్' మని రొద తప్ప స్వరం వచ్చేది కాదు. కళ్యాణమండపంలో ఆ రొద గోడలకి కొట్టుకుని ఇంకో నాలుగు రెట్లయ్యేది.

ఓ రోజు వాళ్ళ ఆర్కెస్ట్రా యజమాని అందరి ముందూ అనేశాడట. "ఏంట్రా, నువ్వు వాయిస్తున్నావా అసలు? కీబోర్డు వాడు ఎడం చేత్తో బేస్ వాయించేస్తున్నాడు. ఇంక నీకు డబ్బులెందుకివ్వాలి?"

ఈ మాట ఆ ఒక్క కుర్రాడిదే కాదు. కీబోర్డులు, ముందే రికార్డు చేసిన ట్రాకులు వచ్చాక బేస్ గిటార్ వాళ్ళు చాలామంది విన్న మాటే. వినపడని వాద్యానికి వేషం లేదు మరి!

కుర్రాడు పౌరుషం కలవాడు. చిట్టీ పాడాడు. ఆ డబ్బు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "అన్నా, ఇది ఒక్కసారే వచ్చే డబ్బు. తప్పు పెట్టె కొంటే మళ్ళీ కొనలేను. నువ్వూ రావాలి" అన్నాడు. గిటార్ భుజాన వేసుకుని ఇద్దరం చెన్నై రైలెక్కాం.

ఫ్రిజ్ అంత పెట్టె కథ

రైల్లో వాడికి నిద్ర పట్టలేదు. నన్నూ పడుకోనివ్వలేదు. పాత కథలు చెప్పమన్నాడు. మీరూ వినండి.

అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. మనిషంత ఎత్తు డబుల్ బేస్ మొయ్యలేక చస్తున్నవాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. కానీ స్టేజి మీద వినపడేందుకు తగిన పెట్టె కావాలిగా! 1960లో అంపెగ్ కంపెనీ బి-15 అనే పెట్టె తెచ్చింది. అందులో 15 అంగుళాల స్పీకరు ఒక్కటే. స్టూడియోల్లో దానికి పెద్ద పేరొచ్చింది. కానీ పెద్ద మైదానాల్లో రాక్ కచేరీలు మొదలయ్యేసరికి ఆ ఒక్క స్పీకరు ఏ మూలకి?

1969లో అదే కంపెనీ ఎస్.వి.టి. అని 300 వాట్ల ఆంప్లిఫయర్ తెచ్చింది. దానికి జతగా ఎనిమిది పదంగుళాల స్పీకర్లున్న పెట్టె. ఆ యేడాది అమెరికా యాత్రలో రోలింగ్ స్టోన్స్ బృందం దాన్ని వాడింది. పెట్టె ఆకారం చూసి అందరూ 'ఫ్రిజ్' అని ముద్దుపేరు పెట్టారు. తర్వాత వచ్చిన ఎస్.వి.టి. 810-ఇ పెట్టె బరువే 63 కిలోలు పైచిలుకు. మనిషి బరువన్నమాట!

అంత పెద్ద పెట్టె భూమిలోంచి శబ్దం తవ్వి తీస్తుందనుకుంటాం కదూ? ఆగండాగండి! ఆ 810-ఇ లెక్కల్లో 58 హెర్ట్జ్ దగ్గరే శబ్దం 3 డెసిబెల్స్ తగ్గిపోతుంది. 41 దగ్గరికొచ్చేసరికి దాదాపు 10 డెసిబెల్స్ తక్కువ. అంటే బేస్ గిటార్ అడుగు స్వరాన్ని అది పూర్తిగా పలికించనే పలికించదు. అయినా యాభై యేళ్ళకి పైగా బేస్ వాళ్ళు దానికి దండం పెడుతున్నారు. ఎందుకు? మిడ్! ఆ గర్జన, ఆ గరగర, వేలు తగలగానే పలికే ఆ పలుకు... అదీ దాని గొప్ప.

ఇంగ్లండులో 'ది హూ' బృందానికి జాన్ ఎంట్విసిల్ బేస్ వాయించేవాడు. 1965లో వచ్చిన 'మై జనరేషన్' పాటలో మధ్యలో గిటార్‌కి బదులు బేస్ సోలో వినిపించి జనాన్ని నిలబెట్టేశాడు. ఆ తర్వాత జాకో పాస్టోరియస్ 1976లో తన మొదటి ఆల్బమ్‌తో బేస్ చేత మనిషిలా పాడించాడు. గిటార్‌లో బ్రిడ్జి పక్కనుండే పికప్ వైపే ఆయన మొగ్గు. అక్కడ అడుగు తక్కువ, నడుం ఎక్కువ. వీళ్ళని వేల మందిలో గుర్తుపట్టించింది అడుగు దడ కాదు, నడిమి గొంతు!

నడుం లేని మనిషి

తెల్లారింది. కొట్టు తలుపు తియ్యగానే లోపలికెళ్ళాం. కొట్టాయన మర్యాదస్తుడు. మూడు పెట్టెలు చూపించాడు.

మొదటిది: 15 అంగుళాల స్పీకరు ఒకటి, పైన చిన్న ట్వీటరు. కుర్రాడు తీగ మీటాడు. అద్దాలు గలగలలాడాయి! వాడి మొహం వెలిగిపోయింది. "అన్నా, ఇదే!" అన్నాడు.

"తొందరపడకు" అన్నాను. కొట్టాయన్ని బతిమాలి రెండు పనులు చేయించాను. ఒకటి, ఆంప్లిఫయర్ మీదున్న టోన్ నాబ్‌లన్నీ సరిగ్గా మధ్యకి తెచ్చాం. కొట్లలో బేస్, ట్రెబుల్ పెంచి, మిడ్ తగ్గించి వుంచడం మామూలే. ఒంటరిగా వింటే అది తియ్యగా వుంటుంది. కానీ పది వాద్యాల మధ్య దానికి అడ్రసుండదు! రెండు, పక్కనున్న కీబోర్డులో డోలక్ రిథమ్ పెట్టి, ఎడంచేతి తీగతో సహా గట్టిగా మోగించాం. ఇప్పుడు వాయించరా అన్నాను.

వాయించాడు. అద్దాలు గలగలలాడుతూనే వున్నాయి. స్వరం మటుకు మాయం! వాడు మీటింది 'స' నో 'ప' నో తెలీలేదు. నాలుగడుగులు పక్కకి జరిగితే ఉన్నదీ పోయింది.

కారణం చెబుతాను. స్పీకరు కోన్ ఎంత వెడల్పుంటే, పై శబ్దాల్ని అంత ఇరుగ్గా, టార్చిలైటు లాగా ఎదురుగా మాత్రమే వేస్తుంది. 15 అంగుళాల కోన్‌కి సుమారు 1000 హెర్ట్జ్ దగ్గర్నుంచే ఈ జబ్బు మొదలవుతుంది. పైనున్న ట్వీటరేమో చాలా పెట్టెల్లో మూడు, నాలుగు వేల హెర్ట్జ్ దాటాకే నోరు తెరుస్తుంది. మధ్యలో వున్న శబ్దాలు పక్కన నిలబడ్డవాడికి అందవు. తలా వుంది, కాళ్ళూ వున్నాయి, నడుం లేదు! ట్వీటరు 'ట్స్... ట్స్' మంటుంటే చాలామంది అదే మిడ్ అనుకుంటారు. కాదు. ట్వీటరు ఇచ్చేది తళుకు, మిడ్ ఇచ్చేది పలుకు.

అలాగని 15 అంగుళాలన్నీ పనికిరావని కాదు. బి-15 సంగతి చెప్పాను కదా! 'పది అంగుళాలకి మిడ్, పదిహేనుకి బేస్' అని బల్లగుద్ది చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. లోపలి స్పీకరు తయారీ, పెట్టె పరిమాణం, గాలి రంధ్రం వుందా లేదా అన్నవి అంగుళాలకన్నా ముఖ్యం.

రెండో పెట్టె: నాలుగు పదంగుళాల స్పీకర్లు, ఎక్కడా రంధ్రం లేని మూసిన పెట్టె. మీటగానే మొదటిదానంత దడ లేదు. కుర్రాడు పెదవి విరిచాడు. డోలక్ పెట్టాం... అరెరె! ప్రతి స్వరం ముత్యంలా రాలి పడుతోంది. మూసిన పెట్టెలో శబ్దం అడుక్కి పోయేకొద్దీ మెల్లిగా తగ్గుతుంది. రంధ్రం వున్న పెట్టె ఓ హద్దు దాకా గట్టిగా పలికి, ఆ కింద ఒక్కసారిగా పడిపోతుంది. ఆ హద్దు కింద స్పీకరు కోన్‌కి పట్టు తప్పి దెబ్బతినే ప్రమాదం కూడా వుంది. అలాగని రంధ్రం చెడ్డదేం కాదు. చిన్న పెట్టెలో ఎక్కువ అడుగు శబ్దం రాబట్టేది అదే.

అంతా బాగానే వుంది. లేపబోతే నడుం పట్టేసింది! ఈ రకం పాత పెట్టెలు చాలావాటి బరువు 40 కిలోల చుట్టూ వుంటుంది. కుర్రాడు పోగ్రాములకెళ్ళేది ఆర్టీసీ బస్సులో.

మూడోది: ఒక 12 అంగుళాల స్పీకరు, దాని పైన మిడ్ కోసమే ప్రత్యేకంగా ఆరంగుళాల చిన్న స్పీకరు. లోపలున్నవి నియోడిమియం అయస్కాంతాలు, అందుకని బరువు సగం కూడా లేదు. డోలక్ పెట్టాం. స్వరం తేటగా వుంది. పక్కకి జరిగాం, వుంది. కొట్టు బయటికెళ్ళి రోడ్డు మీద నిలబడ్డాను... అక్కడికీ వుంది! చిన్న కోన్ కదా, మిడ్‌ని నలుదిక్కులా పంచుతోంది.

కుర్రాడు నా మొహంలోకి చూశాడు. నేనేం అనలేదు. వాడే అన్నాడు. "దడ మొదటిదాంట్లో వుందన్నా. కానీ నేను ఇందులోనే వున్నాను."

శభాష్ అనిపించింది!

వాట్లూ, ఓములూ, ఓ చిన్న మోసం

మీరూ కొట్టుకెళ్ళేటప్పుడు ఈ నాలుగు ముక్కలు గుర్తుంచుకోండి.

మీ గిటార్ మీరే పట్టుకెళ్ళండి. కొట్లో కొత్త తీగలున్న గిటార్ ఏ పెట్టెనైనా గొప్పగా చూపిస్తుంది.

రెండు పెట్టెలు పోల్చేటప్పుడు రెంటి శబ్దమూ సమానంగా వుంచండి. కాస్త గట్టిగా మోగేదే మన చెవికి 'మంచిది' అనిపిస్తుంది. ఇది చెవి మనకి చేసే మోసం. కొట్టాయన తప్పు లేదు.

వాట్లు చూసి మురిసిపోకండి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి శబ్దం రెట్టింపైనట్టు తోచాలంటే సుమారు 10 కావాలి. పెట్టె మీద 'సెన్సిటివిటీ' అని ఓ అంకె వుంటుంది. 97 వున్న పెట్టెకి 400 వాట్లు పోస్తే వచ్చే శబ్దం, 100 వున్న పెట్టెకి 200 వాట్లతోనే వస్తుంది. అయితే కంపెనీలన్నీ ఒకే పద్ధతిలో కొలవవు. అంకె చూడండి, తీర్పు మాత్రం చెవికి వదలండి.

ఓముల దగ్గర జాగ్రత్త! 8 ఓముల పెట్టెలు రెండు పక్కపక్కన కలిపితే ఆంప్లిఫయర్‌కి 4 ఓములే కనిపిస్తాయి. 4 ఓముల పెట్టెలు రెండు కలిపితే 2. మీ ఆంప్లిఫయర్ వెనక 'కనీసం 4' అని రాసి వుంటే అంతకన్నా కిందకి దిగకండి, కాలిపోతుంది. మా కుర్రాడు అందుకే 8 ఓములది కొన్నాడు. రేపు డబ్బులొస్తే అలాంటిదే ఇంకోటి దాని నెత్తిన పెట్టుకోవచ్చు. స్పీకరుకి వెళ్ళే తీగ స్పీకరు తీగే అయి వుండాలి. గిటార్ తీగ అక్కడ పెట్టకూడదు.

స్టేజి మీద పెట్టె ఎక్కడ?

మంచి పెట్టె కొని మూల పెట్టారో, అయిపోయిందే! మూలనున్న రెండు గోడలూ, నేలా కలిసి అడుగు శబ్దాన్ని ఉబ్బించేస్తాయి. ఆ ఉబ్బులో మిడ్ మునిగిపోతుంది. కాస్త ముందుకి లాగండి. రెండు పెట్టెలుంటే పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి నిలబెట్టండి. అప్పుడు మిడ్ అటూ ఇటూ విశాలంగా పరుచుకుంటుంది, పై పెట్టె మీ చెవి ఎత్తుకి దగ్గరవుతుంది. ఒక్కటే వుంటే వెనక్కి వాల్చండి, లేదా గట్టి స్టాండు మీద పెట్టండి. మోకాళ్ళకి చెవులుండవు కదా!

మిడ్ నాబ్ పెంచడానికీ ఓ హద్దుంది. 400 నుంచి 800 హెర్ట్జ్ మధ్య కాస్త పెంచితే బేస్‌కి గొంతొస్తుంది. రెండు, మూడు వేల దగ్గర మరీ పెంచితే గాయకుడి హల్లుల మీద కూర్చుంటారు. పాటలో మాట మింగేస్తే ఏ యజమానీ ఊరుకోడు!

పెద్ద మైదానమైతే జనానికి బేస్ చేరేది మైకుసెట్టు వాళ్ళ పెద్ద స్పీకర్ల ద్వారానే. అప్పుడు మీ పెట్టె పని మీకూ, డ్రమ్స్ వాయించేవాడికీ, గాయకుడికీ వినిపించడం. అదేం తక్కువ పని కాదు. గాయకుడు శ్రుతి పట్టుకునేది ఆ స్వరాన్ని పట్టుకునే.

చివరికేమయింది?

కొత్త పెట్టెతో కుర్రాడు వాయించిన మొదటి పెళ్ళికి నేనూ వెళ్ళాను. వాళ్ళ యజమాని ఓ మెచ్చుకోలు మాట అంటాడేమోనని చూశాను. అబ్బే, ఆయన అలాంటి మనిషి కాదు. రెండో పాట అవుతుండగా మటుకు కీబోర్డు వాడి వైపు తిరిగి చెయ్యి వూపాడు. "నువ్వు ఎడం చెయ్యి తియ్యరా! వాణ్ణి వాయించనీ."

అంతే. అంతకన్నా ఏం కావాలి?

పెట్టె ఎంత గొప్పదైనా తనంతట తను వాయించదు. వేళ్ళలో వున్నదే అందులోంచి వస్తుంది. ఉన్నదాన్ని దాచకుండా చెప్పేదే మంచి పెట్టె. ఈసారి మీ వీధి పందిట్లో ఆర్కెస్ట్రా పెడితే, గాయకుణ్ణి చూసి ఈలలు వేశాక, ఓ క్షణం వెనక వరసలోకి చూడండి. నాలుగు తీగల గిటార్ పట్టుకుని, తల వంచుకుని ఒకడు నిలబడి వుంటాడు. వాడు మీటుతున్న స్వరం మీకు విడిగా వినపడుతోందా? అయితే వాడి కోసం కూడా ఓ ఈల వెయ్యండి. వాడికి అది వినపడుతుంది లెండి, దానికి పెట్టె అక్కర్లేదు!